షడ్జమం దించిన తొమ్మిది వారాలు

ఒక మనిషి గొంతులో షడ్జమాన్ని, అంటే సరిగమల్లోని స ను, ఇరవై ఏడు సెంట్లు కిందికి దించడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది. వారానికి మూడు సెంట్ల చొప్పున దించాను. దించుతున్నట్టు ఆవిడకు చెప్పలేదు.

ఈ సెంటు భూమి కొలత కాదు, డాలరులో నూరో వంతూ కాదు. పక్కపక్కనే ఉన్న రెండు స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి. మూడు సెంట్ల తేడాను వెంటవెంటనే వినిపించినా మంచి చెవి సైతం తడబడుతుంది. వారం ఎడంగా వినిపిస్తే ఏ చెవికీ అందదు. ఈ సంగతి నాకు ఉద్యోగం వల్ల తెలుసు. కిచెనర్‌లో వినికిడి యంత్రాలు తయారుచేసే ఒక ఆఫీసులో మైక్రోఫోన్లను పరీక్షించడం నా పని. మనిషి చెవి ఏది గమనిస్తుందో, ఏది గమనించకుండా వదిలేస్తుందో తెలుసుకోవడం అందులో సగభాగం.

మేము నలుగురు ఆడవాళ్ళం బార్బర్‌షాప్ పద్ధతిలో పాడతాం. వాయిద్యాలు ఉండవు. నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు స్వరాలను ఒకేసారి, ఒకే అచ్చు అక్షరం మీద పట్టుకోవాలి. అసలు పాట పాడేది లీడ్. ఆ గొంతు నాది. అడుగున ఉండేది బాస్. అది మా ఆఫీసులోనే పనిచేసే కడప ఆవిడ. అన్నిటికన్నా పైన టెనర్. అది వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పార్ట్ టైమ్ చేస్తూ కాలేజీలో చదువుకుంటున్న కరీంనగర్ అమ్మాయి. మేము ముగ్గురం తీసుకోగా మిగిలిన స్వరం బారిటోన్‌ది. మిగిలిన స్వరాన్ని ఆంటీకి ఇచ్చాం.

ఆంటీది విజయనగరం. అరవై రెండేళ్ళు. ఏజాక్స్‌లో తన ఇంటి బేస్‌మెంటులో పదకొండుమంది పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పేవారు. మాకు మొదట కుదిరిన బారిటోన్ ఉద్యోగం మారి కాల్గరీ వెళ్ళిపోతే, తెలుగువాళ్ళ కార్యక్రమంలో ఈవిడ గొంతు విని నేనే వెళ్ళి అడిగాను. బార్బర్‌షాప్ అన్న మాటకు ఆవిడ నవ్వలేదు. అందరూ నవ్వుతారు.

“ఇందులో వింతేముందమ్మా?” అన్నారు. “మా వైపు క్షవరం చేసేదీ, పెళ్ళిలో సన్నాయి వాయించేదీ ఒక్క ఇంటివాళ్ళే. వాళ్ళ శ్రుతిశుద్ధి ముందు మనమెంత?”

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటు పార్టీ రూములో కలిసేవాళ్ళం. మొదటి రోజే ఒక మర్యాద పాటించాం. మేము ఎంచుకున్నది చంద్రుడి మీద పాత ఇంగ్లీషు ప్రేమపాట. అది రాసి ఉన్న శ్రుతి వేరు. ఎవరూ చెప్పకుండానే ముగ్గురం ఆంటీ వైపు తిరిగి, “మీ శ్రుతి ఎంత ఆంటీ?” అని అడిగాం. పెద్దవాళ్ళతో కలిసి పాడేటప్పుడు వాళ్ళ శ్రుతికే పాడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లీషువాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగరు. కాగితం మీద ఏముంటే దానికే పాడతారు. ఆంటీ ఐదున్నర అన్నారు. పాటను ఐదున్నరకు దించాం. ఆవిడ నలభై ఏళ్ళుగా పొద్దున్నే మొదట శ్రుతిపెట్టె ముందూ, తరవాత తంబుర యాప్ ముందూ పాడుకున్న షడ్జమమూ, మా పాటకు ఆధారమైన స్వరమూ ఆ విధంగా ఒకటే అయ్యాయి. ఒక అర స్వరం అటో ఇటో పెట్టి ఉంటే తరవాత జరిగింది జరిగేది కాదు.

మొదటి నెల ఆవిడ గమకాలను తీసేయడంతో సరిపోయింది. బార్బర్‌షాప్‌లో స్వరం గీత గీసినట్టు నిలబడాలి. ఏ గొంతు కాస్త ఊగినా నాలుగు గొంతుల అనుస్వరాలు, అంటే ప్రతి స్వరం వెంటా సన్నగా పలికే పై స్వరాలు, ఒకదానిమీద ఒకటి కూర్చోవు. ఆంటీ స్వరం ఊగినప్పుడల్లా టెనర్ అమ్మాయి చప్పట్లు కొట్టాలని నియమం పెట్టాను. అమ్మాయి మొదట మొహమాటపడింది. తరవాత దానికి సరదా పట్టింది.

“ఆంటీ, మళ్ళ ఊగింది! ఊయల అనుకుంటున్నరా ఏంది?”

“ఊగకపోతే అది స్వరమెలా అవుతుందే పిల్లా? కర్రముక్క అవుతుంది.”

“మాకు కర్రముక్కే కావాలి ఆంటీ,” అన్నాను నేను.

బాస్ ఆవిడకు వేరే జబ్బు ఉండేది. ఇంగ్లీషు మాట హల్లుతో ముగిస్తే ఊరుకోలేక చివర ఉకారం చేర్చేది. లవ్ అన్నచోట లవ్వు, నైట్ అన్నచోట నైటు. ఆ ఉకారం మిగతా ముగ్గురం నోళ్ళు మూసుకున్నాక కూడా గదిలో ఒంటరిగా వినిపించేది. “అక్కా, నీ లవ్వుకు తోక ఉంది,” అని అమ్మాయి అనేది. “కడప లవ్వులే మేయ్, గట్టిగానే ఉంటాది,” అని ఆవిడ నవ్వేసేది. ఆవిడను ఎవరూ చప్పట్లు కొట్టి ఆపలేదు. ఆ తప్పు మా ముగ్గురిలోనూ కొంత ఉంది కనక మాకది తప్పుగా అనిపించలేదు.

నెల తిరిగేసరికి ఆంటీ గొంతు నిలబడింది. మిగిలింది నాలుగో పాదంలోని ఒకే ఒక చోటు. అక్కడ బాస్ రిషభం మీద, నేను ధైవతం మీద, టెనర్ పై స్థాయి ప్రతిమధ్యమం మీద ఉంటాం. బారిటోన్‌కు మిగిలేది తారస్థాయి షడ్జమం. స్థాయిల తేడా పక్కన పెడితే ఈ నాలుగింటి కంపనాలు నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్న నిష్పత్తిలో ఉండాలి. అలా ఉన్న క్షణంలో వాటి అనుస్వరాలు కలిసిపోయి, నలుగురిలో ఎవరూ పాడని ఒక సన్నటి స్వరం తలలకు పైన మోగుతుంది. ఈ పాటవాళ్ళు దాన్నే మోగడం అంటారు. పోటీల్లో న్యాయనిర్ణేతలు చెవి పెట్టుకుని కూర్చునేది దానికోసమే. ఆ మోతను ఒకసారి లోపలినుంచి విన్నవాళ్ళు మళ్ళీ వినడానికి ఏమైనా చేస్తారు.

లెక్క ప్రకారం ఆ నిష్పత్తిలో ఏడు దగ్గర నిలవాల్సిన స్వరం ఆంటీ షడ్జమం కన్నా ఇరవై ఏడు సెంట్లు కింద ఉంటుంది. ఆవిడ షడ్జమం అక్షరాలా సరైన చోట ఉండేది. కొలిచాను, ఒక సెంటు కూడా తేడా లేదు. ఆ కచ్చితత్వమే ఆ చోటును పాడుచేస్తోంది. ఆవిడ నాలుగో అనుస్వరమూ బాస్ ఏడో అనుస్వరమూ సెకనుకు ఇరవై ఆరుసార్లు ఢీకొని, మోగాల్సిన చోట గరగరమనేది.

నేను కాగితం మీద వేసి చూపించాను. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

“ఏం దించమంటావు?”

“స దించాలి ఆంటీ. ఆ ఒక్క చోట.”

“స దించడమేమిటమ్మా? రి దించు, గ దించు, నీ ఇష్టం. స, ప కదలవు. వాటిని బట్టి మిగతావి కదుల్తాయి. చిన్నపిల్లలకు మొదటి రోజు చెప్పే సంగతి అది.”

“ఈ పాటలో కదుల్తుంది.”

“అయితే ఇది పాట కాదు.”

“పోటీ ఏప్రిల్‌లో ఉంది ఆంటీ. మీవల్ల కాకపోతే చెప్పండి, వేరేవాళ్ళను చూసుకుంటాం.”

వేరేవాళ్ళు ఎవరూ లేరు. బాస్ ఆవిడకు ఆ సంగతి తెలుసు. ఆవిడ తన ఫోన్‌లోకి చూస్తూ కూర్చుంది. ఆంటీ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచారు. “ప్రయత్నిస్తానమ్మా,” అన్నారు. “ఈ దేశంలో ఇన్నాళ్ళూ నా పక్కన పాడింది మెషీనే. ఇప్పుడే కదా మనుషులు దొరికారు.”

రెండు ఆదివారాలు ప్రయత్నించారు. దించమంటే గొంతు తగ్గించేవారు, లేదా నిషాదం దాకా జారిపోయేవారు. మధ్యలో ఆగడానికి ఆవిడ లోపల చోటు లేదు. మూడో ఆదివారం ఏడ్చినంత పని చేసి, “తెలిసి స తప్పు పాడడం నాకు చేతకాదు తల్లీ,” అన్నారు.

“తెలిసి” అన్న ఆ ఒక్క మాట నాకు దారి చూపించింది.

మా నలుగురికీ ప్రాక్టీస్ ట్రాకులు నేనే తయారుచేసేదాన్ని. నాలుగు గొంతులూ నేనే పాడి రికార్డు చేసి, ఎవరి ట్రాకులో వాళ్ళ స్వరం పెద్దగా వినిపించేలా కలిపి పంపేదాన్ని. ఆంటీ తనదాన్ని రోజూ పొద్దున గంటసేపు ఇయర్‌ఫోన్స్‌లో వింటూ పాడేవారు. నేను ఆ ఒక్క స్వరాన్ని మూడు సెంట్లు దించిన ట్రాకు తయారుచేసి, “గొంతు కొంచెం శుభ్రం చేశాను ఆంటీ, ఇకనుంచి ఇది వినండి,” అని పంపాను. మరుసటి వారం ఆరు సెంట్లు. ఆ పై వారం తొమ్మిది. ఆవిడతో, “స విషయం వదిలేయండి, మీకు తోచినట్టే పాడండి. మేము ముగ్గురం సర్దుకుంటాం,” అన్నాను. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని కృతజ్ఞత చెప్పారు.

ఈ పద్ధతి పని చేయడానికి కారణం ఉంది. షడ్జమం దిగుతున్నకొద్దీ ట్రాకులోని నాలుగు స్వరాల కలయిక శుభ్రపడుతూ వస్తుంది. చెవి దానికి ఎదురుతిరగదు, మెచ్చుకుంటుంది. ఆవిడ చెవి ఎంత మంచిదైతే అంత తొందరగా లొంగుతుంది. ఆవిడది చాలా మంచి చెవి.

దీనివల్ల ఏమవుతుందో నేను ఊహించలేదని రాయవచ్చు. అది అబద్ధం. అయిదో వారం ఆంటీని బస్ స్టేషన్ దగ్గర దింపడానికి నా కారులో తీసుకువెళ్తున్నప్పుడు ఆవిడ తనలో తాను ఏదో కృతి చరణం పాడుకుంటున్నారు. పై రిషభం నుంచి షడ్జమానికి దిగిన ప్రతిసారీ స్వరం కొంచెం కింద ఆగుతోంది. కిందినుంచి ఎక్కినప్పుడు సరిగ్గానే ఉంది. మా పాటలో ఆ చోటుకు ఆవిడ రిషభం మీదినుంచే దిగుతారు. ఆ దిగే నడక ఇంకో పాటలోకి కూడా వెళ్ళిపోయిందన్నమాట. ఆవిడ జీవనం ఆ స్వరం మీదే నిలబడి ఉందని నాకు తెలుసు. ఎర్ర లైటు దగ్గర ఆగి ఆ పాట చివరిదాకా విన్నాను. సోమవారం పదిహేను సెంట్లు దించిన ట్రాకు పంపాను.

తొమ్మిదో వారం మోగింది.

అమ్మాయి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. పార్టీ రూము కిటికీ అద్దం సన్నగా ఝుమ్మంది. నాలుగు గొంతులు ఆగిన తరవాత కూడా ఆ అయిదోది క్షణంలో సగంసేపు మిగిలింది.

“అక్కా, గదేంది పైన? ఎవరు పాడిన్రు?”

“ఎవరూ పాడలేదు.”

“మస్తుందక్కా! మళ్ళ పాడుదం, మళ్ళ పాడుదం.”

ఆంటీ ముఖం వెలిగిపోయింది. “చూశావా?” అన్నారు నాతో. “నా స దించకుండానే వచ్చింది. శుద్ధంగా పాడితే అదే వస్తుందమ్మా. మీరు అనవసరంగా నన్ను కంగారుపెట్టారు.”

“నిజమే ఆంటీ,” అన్నాను.

పోటీకి పన్నెండు రోజుల ముందు ఆవిడ ఆఫీసు సమయంలో ఫోన్ చేశారు. క్లాసులో పదకొండేళ్ళ పిల్ల ఒకతి, ఈవిడ పాడి చూపిస్తుండగా ఆపి, “ఆంటీ, యూ ఆర్ ఫ్లాట్,” అందట, స్వరం శ్రుతికి కింద పడుతోందని. ఆ పిల్ల స్కూల్లో వయొలిన్ కూడా నేర్చుకుంటోంది. ఈవిడ మళ్ళీ పాడితే, “స్టిల్ ఫ్లాట్,” అందట.

“నాకేమీ తేడా తెలియడం లేదమ్మా. కానీ పిల్లకు భయం లేదు, అబద్ధం చెప్పదు. నీ దగ్గర మిషన్ ఉంది కదా, ఒక్కసారి వచ్చి చూసిపెట్టవూ? నా స ఉందో లేదో చెప్పు చాలు.”

శనివారం ఏజాక్స్ వెళ్ళాను. బేస్‌మెంటులో తివాచీ మీద కూర్చుని ఆవిడ తంబుర యాప్ పెట్టుకుని పాడారు. నేను నా లాప్‌టాప్‌కు మైక్రోఫోను తగిలించి కొలిచాను. కిందినుంచి ఎక్కినప్పుడు షడ్జమం రెండు సెంట్లలోపు తేడాతో ఉంది. పైనుంచి దిగినప్పుడు ఇరవై రెండు సెంట్లు కింద ఉంది. పదిసార్లు దిగితే పదిసార్లూ ఇరవై, ఇరవై నాలుగు మధ్యే. అంత నిలకడ నేను మైక్రోఫోన్లలో కూడా అరుదుగా చూశాను.

ఆవిడ నా ముఖంలోకి చూస్తున్నారు.

“సరిగ్గానే ఉంది ఆంటీ. తేడా మీ ఫోన్‌లో ఉంది. ఇంత చిన్న స్పీకరులో మంద్రస్వరాల మూలకంపనం రాదు. పై అనుస్వరాలు విని మెదడే దాన్ని ఊహించుకుంటుంది. పిల్లకు అందుకే అలా వినిపించి ఉంటుంది.”

స్పీకరు గురించి నేను చెప్పిన ప్రతి మాటా శాస్త్రరీత్యా నిజం. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలి, నాకు ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. మరుసటి క్లాసులో ఆ పిల్లను అందరిముందూ నిలబెట్టి, పెద్దవాళ్ళ శ్రుతిని తప్పుపట్టే ముందు తన చెవి చూసుకోమని చెప్పి, యాభైసార్లు స పాడించారట. పిల్ల పాడింది. పిల్ల పాడిన యాభై షడ్జమాలూ సరిగ్గానే ఉండి ఉంటాయని నా అంచనా. ఆ తరవాత ఆ పిల్ల రాలేదు. ఆ పిల్లతో కలిసి ఒకే కారులో వచ్చే ఇద్దరు అక్కచెల్లెళ్ళూ రాలేదు.

పోటీలో మాకు మొదటి బహుమతి రాలేదు. పై రౌండుకు వెళ్ళేటన్ని మార్కులు వచ్చాయి. నాలుగో పాదంలో హాలు నిశ్శబ్దమైంది. న్యాయనిర్ణేతల్లో ఒకరు మా మార్కుల కాగితం మీద బారిటోన్ పక్కన ఒక గీత గీసి, అసాధారణమైన చెవి అని రాశారు. ఆంటీ ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు.

ఆవిడకు సంగతి తెలిసింది ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోవడం వల్ల. పాత ట్రాకులు తీసేద్దామని తెరిచి, ఎందుకో మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి విన్నారు. తొమ్మిది వారాల దూరంలో వినబడనిది పక్కపక్కన వినబడుతుంది. ఆదివారం రిహార్సల్‌కు అరగంట ముందే వచ్చి నాకోసం కూర్చున్నారు. మిగతా ఇద్దరూ ఇంకా రాలేదు.

“వారానికి ఎంత దించావు?”

“మూడు.”

“మూడు ఏమిటి?”

“మూడు సెంట్లు.”

ఆవిడ వేళ్ళమీద లెక్క వేసుకున్నారు. “అయితే ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. నువ్వు మా ఇంటికొచ్చి, కొలిచి, చూసి, నా చేతి కాఫీ తాగి, బాగుందని చెప్పావు.”

“పోటీ దగ్గర్లో ఉంది ఆంటీ.”

“నన్నడగొచ్చు కదే.”

“అడిగాను. చేతకాదన్నారు.”

ఆవిడను ఎదురుచెప్పనివ్వకూడదనే అలా అన్నాను. ఆవిడ తన ఫోన్ నా ముందుకు జరిపి, “ఎలా దించావో అలాగే ఎక్కించు,” అన్నారు.

ఎక్కించడానికి నిజంగానే ప్రయత్నించాను. ఈసారి రి నుంచి స వరకు దిగే ఒక వరసను తంబురమీద పాడి, వారానికి మూడు సెంట్ల చొప్పున పైకి జరుపుతూ ట్రాకులు పంపాను. పని చేయలేదు. ఆ పద్ధతికి ప్రాణం వినేవాళ్ళకు తెలియకపోవడమే. ఇప్పుడు ఆవిడకు తెలుసు. ప్రతి షడ్జమం దగ్గరా ఆగి వింటారు, ఇది ఎంత జరిగింది, ఇది తనదా, నేను పెట్టిందా అని. జూన్‌లో కొలిచినప్పుడు కిందినుంచి ఎక్కే షడ్జమం కూడా కదలడం మొదలైంది. ఒకసారి పది పైన, ఒకసారి పద్నాలుగు కింద. తెర మీద గీత స్వరం కోసం తడుముకుంటూ వెళ్ళడం స్పష్టంగా కనిపించింది. అంతకు ముందు ఆవిడ స తప్పుగానైనా ఒకేచోట ఉండేది.

జూలైలో క్లాసు ఆపేశారు. మిగిలిన ఎనిమిదిమందినీ స్కార్‌బరోలో ఇంకొక టీచరు దగ్గరికి పంపారు. తల్లిదండ్రులకు మోకాళ్ళ నొప్పులని చెప్పారు. సంగతి తెలిసిన బాస్ ఆవిడ నాతో లంచ్ టైములో, “నీకు పాపం తగుల్తాది, చూస్తా ఉండు,” అంది. తరవాత అదే గొంతుతో, “పై రౌండు అక్టోబరులోనా, నవంబరులోనా?” అని అడిగింది.

ఆంటీ మానేస్తారనుకున్నాను. మానలేదు. ఆగస్టు మొదటి ఆదివారం టిఫిన్ డబ్బాలో పులిహోర తెచ్చి, అందరికీ పెట్టి, తన చోట తాను నిలబడ్డారు. పాట మొదలుపెట్టాం. నాలుగో పాదంలో ఆ స్వరం నేను చేసినచోట, ఇరవై ఏడు కింద, కదలకుండా నిలబడింది. మోగింది. అమ్మాయి ఎప్పటిలాగే ఎగిరి గంతేసింది.

“ఆంటీ, మీరు లేకపోతే మేం లేం!”

“మీరు లేకపోతే నేనూ లేనే,” అన్నారు ఆంటీ. “ఇక్కడొక్కచోటే నా స సరిగ్గా ఉంటోంది.”

అమ్మాయి దాన్ని మెచ్చుకోలు అనుకుని ఆవిడను వాటేసుకుంది. ఆ అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ తరవాతి నెలల్లో ఆవిడ పాడే పద్ధతి మారింది. స్వరం ఎత్తుకున్నాక ఆవిడ విననే వినరు. నా ముఖం చూస్తారు. నేను తల ఊపితే అక్కడ నిలుపుతారు. ఊపకపోతే కొంచెం కిందికో పైకో జరిపి మళ్ళీ చూస్తారు. ఎటు జరపమంటే అటు, ఎన్ని సెంట్లంటే అన్ని, ఎదురు మాట లేకుండా జరుపుతారు. బారిటోన్‌లో ఇంతకన్నా కోరదగిన గుణం లేదు. నవంబరు పోటీకి మూడు పాటలు సిద్ధం చేశాం. మూడింటినీ ఐదున్నర శ్రుతిలో కాక, నా గొంతుకు అనువైన శ్రుతిలో పెట్టాను. ఆవిడను అడగలేదు, ఆవిడ కూడా అడగలేదు.